రికార్డు సంగీతము - గుణనిర్ణయము

పాట విని ఆనందించుట వేఱు. విన్న పాటకు ఇంతయని విలువ కట్టుట వేఱు. మొదటిది చెవిగల ప్రతివారికిని సాధ్యమే. రెండవది విమర్శకుని పని. సంగీతము గ్రామఫోను రికార్డులోనికి ఎక్కి అంగడిలో దొరకు వస్తువైన నాటినుండి ఈ రెండవ పనికి గిరాకి హెచ్చినది. కచేరి విమర్శ జరిగిపోయినదానిని గూర్చి చెప్పును. రికార్డు విమర్శయో, రేపు డబ్బిచ్చి కొనవలెనా, మానవలెనా యను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. కొనువానికి తొందర యెక్కువ. అందుచేతనే ఆ విమర్శ క్రమముగా మార్కులలోనికిని, నక్షత్రములలోనికిని దిగినది.

ఈ ఆచారము పాశ్చాత్యదేశములలో పెరిగిన తీరు తెలిసికొనదగినది. 1923లో కాంప్టన్ మెకంజీ అను నవలాకారుడు లండనులో 'గ్రామఫోన్' పత్రికను స్థాపించి, రికార్డుల విమర్శకు ఒక గౌరవస్థానము కల్పించెను. రాక్, పాప్ సంగీతములకు అట్టి గౌరవము చాల ఆలస్యముగా దక్కినది. 1967లో శాన్ ఫ్రాన్సిస్కోలో 'రోలింగ్ స్టోన్' పత్రిక వెలసినది. 1969లో న్యూయార్కులో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అను విమర్శకుడు, బడిపంతులు పరీక్షపత్రములు దిద్దినట్లు, ఆల్బములకు 'ఎ' మొదలైన అక్షరములతో తరగతులు నిర్ణయింపసాగెను. 1979లో రోలింగ్ స్టోన్ వారి రికార్డుల గ్రంథము ఐదు నక్షత్రముల కొలతను వాడినది. ఆ పిమ్మట వచ్చిన 'పిచ్‌ఫోర్క్' వారు పదింటికి మార్కులు వేయుచు దశాంశములను గూడ విడువలేదు.

కొలత ఇంత సూక్ష్మమైనను తీర్పు నిలుచునను నమ్మకము లేదు. 1967లో బీటిల్స్ బృందమువారి 'సార్జెంట్ పెప్పర్' ఆల్బము వెలువడినప్పుడు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అను యువ విమర్శకుడు దానిని గట్టిగా ఖండించెను. ఆనాడు తన స్టీరియో యంత్రములో ఒక స్పీకరు చెడియుండెనని ఆయనయే తరువాతి కాలమున చెప్పెను. 2003లో రోలింగ్ స్టోన్ వారు ఐదువందల ఉత్తమ ఆల్బముల పట్టిక వేసి దానికే ప్రథమస్థాన మిచ్చిరి. 2020 నాటి పట్టికలో అదే ఆల్బము ఇరువది నాలుగవ స్థానమునకు దిగినది. రికార్డు మారలేదు; అందలి స్వరమొక్కటియు మారలేదు. మారినది వినువారి కాలము.

మన దేశమునకు వత్తము. ఇచ్చట మార్కులు రికార్డులకు గాక గాయకులకే పడినవి. 1952లో బి. వి. కేస్కర్ గారు సమాచార ప్రసారశాఖ మంత్రియైన పిదప ఆకాశవాణిలో స్వరపరీక్షా విధానము స్థిరపడినది. పాడువారెవరో పరీక్షకులకు తెలియనీయక పాటను మాత్రమే వినిపించుట దాని ఆశయము. బి, బి-హై, ఎ, టాప్ అను తరగతులు సంగీతలోకమున నేటికిని వాడుకలో నున్నవి. గొప్ప విద్వాంసులు కొందఱు తమకు పరీక్షయేమని నొచ్చుకొనిరి. వారి బాధ అర్థము చేసికొనదగినదే. అయినను పేరును దాచి పాటను వినవలెనను ఆ సూత్రము మాత్రము విమర్శకు మూలసూత్రము.

రికార్డుల విషయమున మనకు చాలకాలము అమ్మకమే తీర్పు. ఒక్కొక్క వైపున మూడు నిమిషములకు మించి పాడని ఆ నల్లని పలకపై రాగాలాపనకు చోటు లేదు. పల్లవికి చోటు లేదు. పాట మొగ్గవలె వచ్చి మొగ్గవలెనే ముగియవలెను. అట్టి ఇరుకులోనే చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళె గారు పాడిన 'మధురానగరిలో' జావళి ఇంటింట మ్రోగినది. కాంచీపురము నాయనా పిళ్ళెగారి శిష్యుడై, లయజ్ఞానమునకు పేరొంది, 1954లో సంగీత కళానిధి బిరుదము నందిన ఆ విద్వాంసుని, కచేరి యెఱుగని సామాన్యులు ఆ మూడు నిమిషముల పాటతోనే గుర్తించిరి. ఆ రికార్డు ఆయన విద్వత్తునంతయు చూపినదా? చూపలేదు. చూపజాలదు. రికార్డుకు మార్కులు వేయువాడు ఈ యెడమును మఱువరాదు.

ఇక తిరుపతి విషయము ఇంకను లోతైనది. 1922లో తిరుమల ఆలయమందలి సంకీర్తన భాండాగారమునుండి తాళ్ళపాక కవుల రాగిరేకులు బయల్పడినవి. రేకుపై కీర్తన సాహిత్యమున్నది, రాగము పేరున్నది, స్వరము మాత్రము లేదు. 1503లో పరమపదించిన అన్నమాచార్యుడు ఆ కీర్తనలను ఏ మెట్టున పాడెనో చెప్పు సాధనము లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు తిరుపతిలో కూర్చుండి, పెక్కు కీర్తనలకు స్వరరచన గావించి, ఆ మూగ రేకులకు మరల గొంతు నిచ్చిరి. ఆయన వెనుక నేదునూరి కృష్ణమూర్తి గారును, 1978లో దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టున చేరిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారును ఆ కృషిని విస్తరింపజేసిరి.

పి. వి. ఆర్. కె. ప్రసాద్ గారు దేవస్థానము కార్యనిర్వహణాధికారిగా నున్న దినములలో, 1980 ప్రాంతమున, శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన 'బాలాజీ పంచరత్నమాల' ఐదు లాంగ్ ప్లే రికార్డులుగా వెలువడినది. ఆమె సుప్రభాతపు రికార్డు 1963 నుండియే ఇల్లిల్లును మేలుకొలుపుచుండెను. పంచరత్నమాలతో అన్నమయ్య మాట గూడ ఇల్లు చేరినది. ఆ రికార్డులకు మనవారు నక్షత్రములు పంచలేదు. తిరుపతి వీధిలో ఆమె విగ్రహమును నిలిపిరి. ప్రజలిచ్చిన తీర్పు అది.

అంతటితో విమర్శకుని పని తీరినదా? నా అభిప్రాయమున ఇచ్చటనే అది మొదలగుచున్నది. 'నానాటి బదుకు నాటకము' అను కీర్తనను ఆమె రేవతిరాగమున పాడిరి. ఆ మెట్టు నేదునూరివారిది. మనసును కలచివేయు మెట్టు. రేకుపైనున్న రాగము మాత్రము వేఱు. నేడు ఆ కీర్తన వినువారిలో అనేకులు అన్నమయ్యయే రేవతిలో పాడెననుకొందురు. 1997లో 'అన్నమయ్య' చలనచిత్రము వచ్చిన తరువాత కీరవాణిగారి బాణీలను గూర్చియు కొందఱికి అట్టి భ్రమయే కలిగినది. రికార్డు చేయు మేలునకు ఇది వెల. ఒక గొంతు ఒక దినమున పాడిన పాటను అది శాశ్వతము చేయును. శాశ్వతమైనదానిని లోకము ప్రాచీనమని నమ్మును. అట్లు నమ్మినప్పుడు రెండు నష్టములు కలుగుచున్నవి. స్వరకర్త పేరు మాసిపోవును. మఱియొక మెట్టు కట్టబూనిన యువకునికి అది అపచారమను నింద వచ్చును.

కావున ఇట్టి రికార్డును పరిశీలించువాడు నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. సాహిత్యము రేకులోని పాఠమును అనుసరించినదా? పదము విఱుపు అర్థమును చెఱుపక నిలిచినదా? రాగము రేకులోనిదా, నూతనమా? మెట్టు కట్టినవారి పేరు అట్టపై నున్నదా? ఈ నాలుగింటి తరువాతనే గాత్రమాధుర్యమును, వాద్యముల పొందికను విచారింపవలెను. ఐదు నక్షత్రములలో ఈ సమాధానము లేవియు ఇముడవు. తీర్పు తప్పైనను, కారణము చెప్పిన విమర్శ చదువరికి ఉపకరించును. కారణము లేని మార్కు ఒప్పైనను ఉపకరింపదు.

రేడియోగల గృహస్థులకు ఈ పని కష్టమైనది కాదు. ఒకే కీర్తనను ఇద్దఱు గాయకులు పాడగా వినుడు. ముద్రితమైన సాహిత్యమును ముందుంచుకొనుడు. ఎచ్చట మెట్టు మాఱినదో, ఎచ్చట మాట నలిగినదో, ఎచ్చట భావము వికసించినదో పిల్లలచే చెప్పింపుడు. వారి చెవికి అదియే మొదటి పాఠము. ఇంచుమించు నాలుగువందల యేండ్లు నేర్పుతో దాగిన రాగిరేకు మనకు మాటను భద్రముగా అప్పగించినది. దానిని పాడినవారెవరో, స్వరపఱచినవారెవరో తెలిసి వినుట మన వంతు.