జత కుదిరే లెక్క: సత్తెనపల్లి క్రికెట్ అభిమానుల వాదనలో బండలాగుడు పందేల తర్కం

మన దేశంలో క్రికెట్ అభిమానం మీద రాసిన పరిశోధకుల పుస్తకాల్లో అభిమాని ఎప్పుడూ మ్యాచ్ చూస్తూనే కనిపిస్తాడు. స్టేడియంలో కేకలు వేస్తాడు, రేడియో చెవికి ఆనించుకుంటాడు, టీవీ ముందు కూర్చుంటాడు. ఆట లేని నెలల్లో అతను ఏం మాట్లాడతాడన్నది ఎవరికీ పట్టలేదు. సత్తెనపల్లిలోనూ, చుట్టుపక్కల ముప్పాళ్ల, రాజుపాలెం, క్రోసూరు మండలాల్లోనూ టీ కొట్ల దగ్గర కాసేపు కూర్చున్నవాళ్లకు మాత్రం సంగతి తెలుసు. ఇక్కడ క్రికెట్ గురించి గట్టి వాదన జరిగేది ఏప్రిల్, మే నెలల్లో కాదు, నవంబరు, డిసెంబరుల్లో. ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని వదిలెయ్యాలి, ఎవరినిచ్చి ఎవరిని తెచ్చుకోవాలి అన్న తగువు అది. సన్‌రైజర్స్ హైదరాబాద్ యాజమాన్యం చెన్నైది. వేలం జెద్దాలోనో అబుధాబిలోనో జరుగుతుంది. అయినా సంతకం పెట్టేది తామే అన్నంత పట్టుదలతో ఇక్కడివాళ్లు వాదించుకుంటారు.

ఈ వాదనకు ఒక క్రమం ఉంది. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో, ఏ అభ్యంతరానికి విలువ ఉంటుందో, దేన్ని పిల్లచేష్టగా కొట్టిపారెయ్యాలో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ క్రమం టీవీ నేర్పింది కాదనీ, ఒంగోలు గిత్తల బండలాగుడు పందేల్లో జత కూర్చే విద్య నుంచి వచ్చిందనీ ఈ వ్యాసంలో నిరూపించదలిచాను.

ఈ విషయంలో అర్జున్ అప్పాదురైతో తేల్చుకోకుండా ముందుకు పోలేం. ఆశిస్ నంది 1989లో, రామచంద్ర గుహ 2002లో రాసిన పుస్తకాలకు వాటి విలువ వాటికుంది. కానీ విశ్వవిద్యాలయాల్లో ఈ అంశం మీద సిద్ధాంతవ్యాసం రాసే ప్రతి విద్యార్థీ మొదట దణ్ణం పెట్టేది అప్పాదురై 1996 నాటి ‘మోడర్నిటీ ఎట్ లార్జ్’లోని క్రికెట్ అధ్యాయానికే. క్రికెట్ గట్టి సాంస్కృతిక రూపమనీ, తాను మారడం కన్నా తనలోకి వచ్చినవాళ్లను ఎక్కువగా మార్చేస్తుందనీ ఆయన అంటాడు. రేడియోలో దేశభాషల వ్యాఖ్యానం, దేశభాషల్లో వచ్చిన క్రీడా రచనలు, ఆ తర్వాత టీవీ ఈ ఆటను మనవాళ్ల నోటికి అందించాయని ఆయన వివరణ. అంటే పల్లెటూరి అభిమాని ఖాళీ పాత్ర, ప్రసార సాధనం పోసింది పట్టుకున్నాడు అన్నమాట. నా అభ్యంతరమంతా ఇక్కడే. ఆ అధ్యాయంలో వ్యాఖ్యాత ఉన్నాడు, ప్రకటనదారు ఉన్నాడు, రాజులూ రాజ్యమూ ఉన్నారు. ఎద్దును కొని, మేపి, దాని కాలూ మెడా చూసి జీవితమంతా బలాబలాల అంచనాలో గడిపిన మనిషి లేడు. ఆట చూడకముందే అతనికి ఆటగాణ్ణి చూడటం తెలుసు.

కాలం లెక్క చూసినా అప్పాదురై వాదన నిలవదు. తెలుగులో ప్రత్యేక క్రీడా చానెల్, స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు, మొదలైంది 2018 డిసెంబరులో. దానికి చాలా ముందే, 2011 వేలానికి అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ ఒక్క ఆటగాణ్ణి కూడా అట్టిపెట్టుకోనప్పుడు, ఈ ప్రాంతంలో ఆ సంగతి మీద తగవులు పడ్డవాళ్లున్నారు. అప్పటికి రెండేళ్ల కింద, 2009లో, ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచిన జట్టు అది. అందులో రోహిత్ శర్మ ఉన్నాడు. విడిచిపెట్టిన రోహిత్‌ను ముంబై ఇండియన్స్ కొనుక్కుంది. అతని నాయకత్వంలో 2013, 2015, 2017, 2019, 2020ల్లో అయిదు కప్పులు గెలిచింది. నాలుగు పళ్ల గిత్తను అమ్ముకుని దాని పందెం మరొకడి పేరు మీద చూడాల్సి వచ్చిన రైతు ఏ తర్కంతో బాధపడతాడో, రోహిత్ సంగతి తలుచుకునే పెద్దవాళ్లు అదే తర్కంతో మాట్లాడతారు. ఆ బాధను వాళ్లకు ఏ వ్యాఖ్యాతా నేర్పలేదు.

ఇక క్యాలెండరు. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా గట్టి ఆధారం. ఐపీఎల్ జట్లు ఎవరిని ఉంచుకున్నదీ, ఎవరిని మార్చుకున్నదీ బయటపడేది సాధారణంగా నవంబరులో. చిన్న వేలం డిసెంబరులో. సత్తెనపల్లి ఉన్న పల్నాడులో బండలాగుడు పందేలు ఊపందుకునేది సంక్రాంతికి. అక్కణ్ణించి శివరాత్రి, ఉగాది, ఊరూరి తిరునాళ్ల దాకా సాగుతాయి. సంక్రాంతి పందెంలో గిత్తను దింపాలంటే జత సంగతి కార్తీక మార్గశిరాల్లోనే తేలాలి. పత్తి తీతలు నడుస్తుంటాయి, మిరప ఇంకా కోతకు రాదు, చేతిలో కాస్త డబ్బూ కాస్త తీరికా ఉండే రోజులవి. ఒకే నెలల్లో, ఒకే బెంచీల మీద, తరచు ఒకే మనుషుల మధ్య రెండు రకాల జతల గురించీ మాట నడుస్తుంది. ఇంత దగ్గరగా నడిచే రెండు మాటలు ఒకదాన్నొకటి అంటుకోకుండా ఉన్నాయనుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

జత కూర్చడంలో మొదట చూసేది పక్క. దాపట, అంటే ఎడమ పక్క, అలవాటైన ఎద్దు దాపటే లాగుతుంది. వలపట, అంటే కుడి పక్క, కడితే అంత బలమూ కాడి మీద అడ్డం తిరుగుతుంది. రెండోది పళ్లు, అంటే వయసు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు అని విభాగాలు. ఈ ఏడు రెండు పళ్లలో గెలిచిన గిత్త వచ్చే ఏడు నాలుగు పళ్లలో, అంతకన్నా బరువైన బండ ముందు నిలబడాలి. కాబట్టి కొనేవాడు ఇవాళ్టి లాగుడు కాదు, రేపటి పళ్లను కొంటాడు. మూడోది అడుగు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగుల దూరం లాగిందన్నదే ఫలితం కాబట్టి, ఒకటి ఉరికి మరొకటి వెనకబడితే రెండూ నష్టపోతాయి. మైదానం చివర మలుపు దగ్గర లోపలి ఎద్దు నిదానించాలి, బయటి ఎద్దు చుట్టి రావాలి. ఆ ఒద్దిక లేని జత, విడివిడిగా ఎంత మేటివైనా, మలుపులోనే నిమిషాలు పోగొట్టుకుంటుంది. అన్నిటికన్నా ఆసక్తికరమైనది కంబైండ్ జత. ఇద్దరు యజమానులు చెరొక ఎద్దును తెచ్చి ఒకే కాడికి కడతారు. మైకులో ఇద్దరి పేర్లూ, రెండు ఊళ్ల పేర్లూ చదువుతారు. పోటీదారులు ఒక్క పందెం కోసం భాగస్వాములయ్యే ఈ ఏర్పాటు తెలిసినవాడికి, రెండు ఫ్రాంచైజీలు ఆటగాళ్లను మార్చుకోవడం వింతగా తోచదు.

ఇప్పుడు శిఖర్ ధావన్ మార్పిడి చూద్దాం. 2018 వేలంలో సన్‌రైజర్స్ ధావన్‌ను 5.20 కోట్లకు తిరిగి దక్కించుకుంది. ఆ సీజన్‌లో అతను 497 పరుగులు చేశాడు. అయినా నవంబరులో అతన్ని ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్‌ను, షాబాజ్ నదీమ్‌ను, అభిషేక్ శర్మను తెచ్చుకుంది. శంకర్ ధర 3.20 కోట్లు, నదీమ్‌ది 3.20 కోట్లు, అభిషేక్‌ది 55 లక్షలు, మొత్తం 6.95 కోట్లు. తేడా 1.75 కోట్లు సన్‌రైజర్స్ నగదుగా కట్టింది. పైకి చూస్తే అన్యాయమైన బేరం. భారత జట్టు ఓపెనర్‌ను ఇచ్చి పైన డబ్బు కూడా ఎదురిచ్చారు. పైగా ధావన్ ఢిల్లీకి 2019లో 521, 2020లో 618 పరుగులు చేశాడు.

కానీ ఈ మార్పిడి మీద సత్తెనపల్లి వాదన పరుగుల దగ్గర ఆగదు. నిషేధం ముగించుకుని డేవిడ్ వార్నర్ తిరిగి వస్తున్నాడు. ధావనూ వార్నరూ ఇద్దరూ ఎడమచేతివాళ్లు, ఇద్దరూ మొదటి బంతి నుంచి ఆడేవాళ్లు, అంటే ఒకే పక్క ఎద్దులు. డిసెంబరు వేలంలో 2.20 కోట్లకు జానీ బెయిర్‌స్టో వచ్చాడు, కుడిచేతివాడు. 2019 మార్చి 31న ఉప్పల్‌లో బెంగళూరు మీద ఆ ఇద్దరూ తొలి వికెట్‌కు 185 పరుగులు చేశారు, ఇద్దరివీ శతకాలే. దాపటా వలపటా కుదిరాయి. తర్వాత చూడవలసింది పళ్లు. మార్పిడిలో అందరికన్నా చవగ్గా వచ్చిన 55 లక్షల కుర్రాడు 2024లో 484 పరుగులు చేసి 42 సిక్సర్లు కొట్టాడు. 2025లో అతన్ని 14 కోట్లకు అట్టిపెట్టుకున్నారు, ఏప్రిల్ 12న పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. మధ్యలో 2022లో ఒకసారి వదిలి 6.50 కోట్లకు మళ్లీ కొనుక్కోవలసి రావడం యాజమాన్యానికి పళ్లు చూడటం పూర్తిగా రాలేదనడానికి సాక్ష్యం. ఆరేళ్ల తర్వాత ఫలించే బేరాన్ని మెచ్చుకోవాలంటే, పాలపళ్ల గిత్తను కొని ఆరు పళ్లు వచ్చేదాకా మేపిన ఓపిక ఊళ్లో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

2024లో రికార్డులు బద్దలుకొట్టిన అభిషేక్, ట్రావిస్ హెడ్ ఇద్దరూ ఎడమచేతివాళ్లే కదా అనే అభ్యంతరం ఉంది. దాన్ని నేను మినహాయింపుగానే చూస్తాను.

రషీద్ ఖాన్ విషయంలో మనసులు ఇంకా చల్లారలేదు. 2017లో 4 కోట్లకు వచ్చి, 2021 దాకా 76 మ్యాచుల్లో 93 వికెట్లు తీసినవాడు. 2022కు ముందు సన్‌రైజర్స్ కేన్ విలియమ్సన్‌ను 14 కోట్లకు, అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మాలిక్‌లను చెరి 4 కోట్లకు ఉంచుకుని రషీద్‌ను వదిలింది. గుజరాత్ టైటన్స్ అతన్ని 15 కోట్లకు తీసుకుని తొలి ఏడే కప్పు గెలిచింది. సన్‌రైజర్స్ ఆ ఏడు ఎనిమిదో స్థానంలో, మరుసటి ఏడు పదో స్థానంలో నిలిచింది. దీని మీద పత్రికలు రాసిందంతా డబ్బు గురించి, ఎవరికి మొదటి ధర దక్కాలన్న దాని గురించి. ఇక్కడి విమర్శ వేరు. నాలుగు ఓవర్లూ పరుగులు ఇవ్వకుండా పట్టే రషీద్, రెండో వైపు వికెట్లు తీసే భువనేశ్వర్ కుమార్, ఇది అడుగు కలిసిన జత. లాగుతున్న జతను విడగొట్టకూడదన్నది పందెగాళ్ల మొదటి నియమం. ఆ నియమం ప్రకారం చూస్తే ఎవరి ధర ఎంతన్న ప్రశ్నే తర్వాతది. భువనేశ్వర్ కూడా 2025కు ముందు 10.75 కోట్లకు బెంగళూరు పోయాడు, ఆ ఏడు కప్పు బెంగళూరుదే. ఈ రెండు ఉదాహరణల తర్వాత కూడా జట్టు కూర్పును విడి మనుషుల ధరల మొత్తంగా చూసేవాళ్లు విశ్లేషకులు ఎలా అవుతారో నాకు అర్థం కాదు.

గుంటూరు మిర్చి యార్డు పక్కనే ఉంది కాబట్టి, వేలంపాట తెలిసిన జనం కాబట్టి ఇలా మాట్లాడుతున్నారని ఒక వివరణ ఇవ్వొచ్చు. అయితే యార్డులో ధర తేలాక సరుకు గురించి మాట ముగుస్తుంది, ఎద్దు విషయంలో ధర తేలాకే మొదలవుతుంది.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకూ చలికాలమే వాదనల కాలం. పొయ్యి చుట్టూ చేరి మార్పిళ్ల గురించి మాట్లాడుకోవడం నుంచి వచ్చిన ‘హాట్ స్టవ్’ అన్న పేరు అక్కడ ఇప్పటికీ వాడుకలో ఉంది. 1920 జనవరిలో బేబ్ రూత్‌ను బోస్టన్ జట్టు న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేసిందన్న వార్త బయటపడ్డాక ఆ బేరం మీద తరాలు వాదించుకున్నాయి. 1969లో సెయింట్ లూయిస్ తనను ఫిలడెల్ఫియాకు ఇచ్చేస్తే కర్ట్ ఫ్లడ్ పోనని కోర్టుకెక్కాడు, 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఐపీఎల్‌లో మాత్రం ఆటగాడు ఒప్పుకోనిదే మార్పిడి జరగదు. నియమం వచ్చిన దారి ఏదైనా, సత్తెనపల్లి అభిమాని దాన్ని సమర్థించే పద్ధతి గమనించదగ్గది. మనసు లేని ఎద్దును ఎంత తోలినా బండ కదలదు కాబట్టి, ఆటగాడి సమ్మతి అతని హక్కుగా కన్నా జత కుదరడానికి షరతుగా ఆ అభిమానికి కనిపిస్తుంది. బేస్‌బాల్ వేరే లోకమని తేల్చేసే ముందు, అక్కడి పల్లెల్లో గుర్రాల జతలు కట్టిన రైతులు ఆ పొయ్యిల చుట్టూ ఏం మాట్లాడుకున్నారో అమెరికన్ పరిశోధకులు వెతకాలి.

చివరగా సొంత ఊరి ఆటగాడి ప్రశ్న. అంబటి రాయుడు గుంటూరులో పుట్టాడు. ముంబైతో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు కప్పులు గెలిచాడు. హైదరాబాద్ ఫ్రాంచైజీకి ఒక్క ఐపీఎల్ మ్యాచ్ ఆడలేదు. పైగా 2018లో పుణేలో సన్‌రైజర్స్ మీదే శతకం కొట్టాడు. అభిమానమంటే ప్రాంతీయ గుర్తింపు అని రాసే పండితుల లెక్కన ఇక్కడ అతని మీద కోపం ఉండాలి, లేదా సన్‌రైజర్స్ మీద అభిమానం చావాలి. రెండూ జరగలేదు. ఎందుకంటే బండలాగుడులో గిత్త ఎక్కడ పుట్టిందని మైకులో ఎవరూ చదవరు, ఎవరి కాడి కింద ఉందో ఆ యజమాని పేరూ ఆ ఊరి పేరూ చదువుతారు. ప్రకాశం జిల్లా గిత్త పల్నాడు ఊరి పేరు మీద గెలిస్తే అది పల్నాడు గెలుపే. రాయుడిది చెన్నై గెలుపు, సన్‌రైజర్స్‌కు ఆడే హెడ్‌దీ హైన్రిచ్ క్లాసెన్‌దీ మన గెలుపు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2025కు 6 కోట్లకు అట్టిపెట్టుకున్నప్పుడు కూడా ఇక్కడ నడిచిన వాదన అతను తెలుగువాడా కాదా అన్నది కాదు. క్లాసెన్‌కు ముందు దిగాలా, వెనక దిగాలా అన్నది. అందుకే తెలుగువాళ్ల ప్రాంతీయాభిమానం మీద ఇంతవరకు వచ్చిన సిద్ధాంతాలన్నిటినీ కాడి దగ్గర నుంచి తిరిగి రాయవలసి ఉంటుంది.