రోడ్ రాష్: సికింద్రాబాదు ఎరిగిన బైకు పందెం

రోడ్ రాష్ ఒక బైకు పందెం వీడియో గేమ్. అమెరికా సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 1991లో దీన్ని సెగా జెనెసిస్ యంత్రం కోసం విడుదల చేసింది. తెలుగువాళ్లలో ఎక్కువమందికి తెలిసింది మాత్రం ఆ మొదటి ఆట కాదు. 1994లో త్రీడీవో యంత్రానికి కొత్త బొమ్మలతో తయారై, 1996లో విండోస్ 95కు వచ్చిన ఆటే ఇక్కడి ఇళ్లకూ నెట్ సెంటర్లకూ చేరింది.

పందెం జరిగేది కాలిఫోర్నియా రోడ్ల మీద. ఎదురుగా కార్లు వస్తుంటాయి, వెనక పోలీసు తరుముతుంటాడు. పక్క బైకువాణ్ని గుద్దవచ్చు, తన్నవచ్చు, అతని చేతిలోని కర్ర లాక్కుని అతన్నే కొట్టవచ్చు. గెలిచిన డబ్బుతో మరింత వేగంగా వెళ్లే బైకు కొనుక్కోవాలి. మొదటి ఆటలో 15 మంది పోటీపడితే, నాలుగో స్థానం లోపు వచ్చినవారికే ఆ పందెం దాటినట్టు లెక్క.

1990ల చివర్లో సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ, జంటనగరాల కంప్యూటర్ బజారు. కంపెనీ కంప్యూటర్ కొనే స్తోమత లేని కుటుంబాలు అక్కడ మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్ విడివిడిగా బేరమాడి కొని బిగించుకునేవి. అలాంటి యంత్రాలకు రోడ్ రాష్ సరిగ్గా సరిపోయింది. ఇందులో బైకులూ మనుషులూ చదును బొమ్మలే, దగ్గరికొచ్చేకొద్దీ పెద్దవవుతాయి. అందువల్ల ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. చేతులు మారినవాటిలో చాలావరకు లైసెన్సు లేని కాపీలే. సీడీలోని వీడియోలూ పాటలూ తీసేసి చిన్నదిగా చేసిన కాపీలు కూడా తిరిగాయి. మెనూల్లో సౌండ్‌గార్డెన్ వంటి రాక్ బృందాల పాటలు ఉంటాయని అలాంటి కాపీ ఆడినవారికి తెలిసే వీలే లేదు.

పాతికేళ్లు దాటినా ఈ ఆట మరపున పడకపోవడానికి కొట్లాట ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేం. పడిపోవడాన్ని ఇది చూపించిన తీరే అసలు బలం. కారును గుద్దితే మనిషి గాల్లోకి లేచి ఒకచోట, బైకు మరోచోట పడతాయి. తెర నల్లబడదు, ఆట మొదటికి రాదు. పడ్డవాడు లేచి, రోడ్డు మీద పరుగెత్తి, వచ్చే వాహనాలను తప్పించుకుంటూ తన బైకు దగ్గరికి చేరాలి. ఈలోగా వెనకబడినవాళ్లంతా దాటిపోతుంటారు. పోలీసు దగ్గర్లో ఉంటే పట్టుకుంటాడు, పందెం అక్కడితో సరి. చూస్తున్నవాళ్లు కేకలు వేసేది ఈ పరుగు దగ్గరే. ఒకరు ఆడుతుంటే నలుగురు వెనక నిలబడి చూసిన ఆట ఇది. గుట్ట ఎక్కి దిగేచోట అవతల ఏముందో కనపడదు కాబట్టి, దారి కంఠతా వచ్చినవారికి కూడా గుండె దడ తప్పదు. నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. కంప్యూటర్ మౌస్ కొత్తగా పట్టుకున్న పిల్లలకు కూడా బాణం మీటలు వెంటనే అలవాటయ్యాయి.

సిరీస్ తర్వాతి దశ అంత బాగా సాగలేదు. 1998లో ప్లేస్టేషన్‌కు వచ్చిన రోడ్ రాష్ త్రీడీలో రోడ్లు విశాలమయ్యాయి, కొట్లాట పలచబడింది, విమర్శకులు పెదవి విరిచారు. 2000లో వచ్చిన జైల్‌బ్రేక్ తర్వాత సిరీస్ దాదాపు ఆగిపోయింది. అభిమానుల చందాలతో ఇతరులు రూపొందించిన రోడ్ రిడెంప్షన్ 2017లో ఆ లోటు కొంత తీర్చింది. దానిలో ఆయుధాలు ఎక్కువ, పాత ఆటలోని తేలికదనం తక్కువ.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు ఇప్పుడు హైదరాబాదులో స్టూడియో ఉంది. రోడ్ రాష్ మళ్లీ తయారు కావాలంటే, దాన్ని ఇంత ప్రేమగా ఆడిన ఈ ఊళ్లోనే తయారు కావడం న్యాయం.