క్రాంజీ జలాశయం: వాన తీరు మారితే...

సింగపూరులో ఏటా సగటున 2,400 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. అయినా నీటి కొరత భయం ఈ దేశాన్ని వీడలేదు. వాన ఎంత పడుతుందన్న దానితో పాటు ఎప్పుడు, ఎలా పడుతుందన్నదీ ముఖ్యమే.

ఒకప్పుడు ఆటుపోట్లతో ఉప్పగా ఉండే క్రాంజీ నది ముఖద్వారానికి ఆనకట్ట కట్టి, 1975లో మంచినీటి జలాశయంగా మార్చారు. ఎండలు ముదిరితే నీటిమట్టం తగ్గుతుంది, వేడెక్కిన నిలవ నీటిలో నాచు పెరుగుతుంది. ఆపై కుండపోత కురిస్తే చుట్టుపక్కల పొలాల ఎరువులు, మట్టి కొట్టుకొచ్చి ఆ నాచుకు బలమవుతాయి. కొన్ని రకాల నాచు విషపదార్థాలను విడుదల చేస్తుంది. దాంతో నీటిశుద్ధి భారమవుతుంది.

మలేషియా నుంచి వచ్చే నీటికీ వానే ఆధారం. జోహోర్ నదిని ఆదుకునే లింగ్యూ జలాశయం 2016 అక్టోబరులో 20 శాతానికి పడిపోయింది. ఆ నది నీటి ఒప్పందం 2061లో ముగుస్తుంది.

వాడిన నీటిని శుద్ధి చేసే 'న్యూవాటర్' కర్మాగారం క్రాంజీలో 2003లో ప్రారంభమైంది. మన తెలుగువారు ఎందరో పనిచేసే చిప్ పరిశ్రమకు ఇలాంటి నీరే ప్రాణం. వర్షాభావంలో దీన్ని జలాశయాల్లోనూ కలుపుతారు. అయితే దీని తయారీకి విద్యుత్తు ఎక్కువ కావాలి. కనుక ఇంట్లో పొదుపు చేసిన నీరే అన్నిటికన్నా చవక.