పేరు తెలియని చిత్రకారుడు

ఈ ఉదయం ఒక చిత్రకారుని గురించి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. ఆయన పేరేమిటని మీరు అడిగితే నేను చెప్పలేను. ఎంతోమంది పండితులు వెదికారు గాని వారికీ దొరకలేదు.

జర్మనీ దేశంలో రైన్ నది ఒడ్డున కొలోన్ అనే పట్టణం ఉంది. సుమారు 1480 నుండి 1510 వరకు ఆయన అక్కడ పనిచేశాడు. ఆ రోజుల్లో దేవాలయాలలో బలిపీఠం వెనుక, పెద్ద చెక్క పలకల మీద వేసిన చిత్రాలను నిలిపేవారు. మధ్యలో ఒక పలక, దానికి ఇరుప్రక్కల తలుపుల్లాగా మూసి తెరిచే రెండు పలకలు ఉండేవి. చదువురాని విశ్వాసులు వాటిని చూచి వాక్యములోని సంగతులు జ్ఞాపకం చేసుకొనేవారు.

కొలోన్‌లోని పరిశుద్ధ కొలుంబా దేవాలయం కోసం ఈయన బర్తొలొమయి అపొస్తలుని చిత్రించాడు. ఆ చిత్రం ఇప్పుడు మ్యూనిక్ నగరంలోని మ్యూజియంలో ఉంది. పేరు తెలియదు గనుక చరిత్రకారులు ఆయనను "బర్తొలొమయి బలిపీఠ చిత్రకారుడు" అంటారు. చేసిన పనే ఆయనకు పేరయింది.

అదే పట్టణంలో 1334లో స్థాపించబడిన కార్తూసియన్ సన్యాసుల మఠం ఉండేది. వారు మౌనంగా ప్రార్థనలో జీవించేవారు. ఆ మఠానికి ఈయన రెండు బలిపీఠ చిత్రాలు వేశాడు. ఒకదానిలో, తిరిగి లేచిన ప్రభువు ప్రక్కలోని గాయంలో తోమా వ్రేళ్లు ఉంచుతున్నాడు. ఆ తోమాయే మన దేశానికి సువార్త తెచ్చాడనీ, మైలాపూరులో సమాధి చేయబడ్డాడనీ మన పెద్దలు చెప్పగా విన్నాం గదా! యోహాను 20వ అధ్యాయం జాగ్రత్తగా చదవండి. తోమా తాకినట్టు అక్కడ వ్రాయబడలేదు. రమ్మని ప్రభువు పిలిచినట్టు మాత్రమే ఉంది. సందేహించినవానిని ప్రభువు ఎంత దగ్గరకు రానిచ్చాడో ఈ చిత్రకారుడు రంగులతో చూపించాడు.

ఈ రెండు చిత్రాలకు డబ్బిచ్చిన దాత పేరు మనకు తెలుసు. ఆయన పీటర్ రింక్ అనే న్యాయశాస్త్ర పండితుడు. దాత పేరు నిలిచింది, పనివాని పేరు పోయింది. పేరు వ్రాసుకోలేదు గనుక ఆయన గొప్ప వినయపరుడని నేను అనను. అదే కాలంలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ తన చిత్రాలపై గుర్తు వేసేవాడు గాని, సంతకం చేయనివారు అప్పట్లో చాలామంది ఉన్నారు. ఈయన హృదయం దేవునికే తెలుసు.

ప్రియులారా, మన మందిరాలలో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు కనబడతాయి. ఇచ్చినవారిని జ్ఞాపకం చేసుకోవడం తప్పు కాదు. అయితే తెల్లవారక ముందే మందిరం ఊడ్చే అక్క పేరు ఏ పలక మీద ఉంది? సంస్కారపు బల్ల మీది తెల్లబట్ట ఉతికి తెచ్చే తల్లి పేరు ఎక్కడ ఉంది? పలక మీద పేరు లేదని సేవ మానుకున్నవారు మనలో లేరా? ఆ పేరు కోసమే సంఘాలలో తగాదాలు రాలేదా?

1794లో ఫ్రెంచివారి పాలనలో ఆ మఠం మూతబడింది. సన్యాసులు వెళ్లిపోయారు. చిత్రాలు చివరికి మ్యూజియం చేరాయి. మనుష్యులు నిలిపినవి కదిలిపోతాయి. లూకా 10వ అధ్యాయంలో, తాము చేసిన కార్యాలను బట్టి సంతోషిస్తూ వచ్చిన శిష్యులతో ప్రభువు ఏమన్నాడు? పరలోకంలో తమ పేర్లు వ్రాయబడినందుకే సంతోషించమన్నాడు.

ఈ వారం ఎవరికీ చెప్పకుండా ఒక మంచి పని చేయండి. మీ పేరు ఎక్కడ వ్రాయబడాలో ప్రభువుకు తెలుసు. ఆయన మిమ్మును దీవించును గాక. ఆమేన్.