ఆపరేషన్ గాయాల్లో ఎంఆర్‌ఎస్‌ఏ

మెథిసిలిన్‌కూ, దాని కోవకు చెందిన దాదాపు అన్ని పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులకూ లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియాను ఎంఆర్‌ఎస్‌ఏ అంటారు. ఆపరేషన్ గాయాలకు చీము పట్టించే మొండి సూక్ష్మజీవుల్లో బాగా పేరుమోసింది ఇదే. కోత పెట్టిన 30 రోజుల్లోపు ఆ చోట వచ్చే ఇన్ఫెక్షన్‌ను ఆపరేషన్ ఖాతాలో వేస్తారు. కృత్రిమ కీలు వంటివి అమర్చినప్పుడు ఈ గడువు 90 రోజుల దాకా ఉంటుంది. చీము చర్మం దగ్గరే ఆగిపోవచ్చు, కండరాల పొరల్లోకి దిగవచ్చు, లోపలి అవయవాల దాకా పోనూవచ్చు. వైద్యులు ఈ మూడింటినీ వేరువేరుగా నమోదు చేస్తారు. రోగి తాలూకు వాళ్లు మాత్రం మూడింటికీ కలిపి ‘సెప్టిక్ అయింది’ అంటారు.

ఈ బ్యాక్టీరియాను మొదట పట్టుకున్నవాడు కూడా సర్జనే. 1880లో స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీముగడ్డలను కోసి, ఆ చీమును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ద్రాక్షగుత్తుల్లా కూడుకున్న గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో బంగారు రంగు కాలనీలు కట్టే రకాన్ని 1884లో జర్మనీకి చెందిన రోజెన్‌బాక్ ‘ఆరియస్’గా వేరుచేశాడు.

పెన్సిలిన్ వచ్చాక ఈ బ్యాక్టీరియా పని అయిపోయిందనే అనుకున్నారు. ఆ సంబరం అయిదారేళ్లు కూడా నిలవలేదు. 1940ల చివరికే లండన్‌లోని ఒక ఆస్పత్రిలో మేరీ బార్బర్ పరీక్షించిన స్టెఫైలోకాకస్ నమూనాల్లో సగానికి పైగా పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తున్నాయి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందైన ఆరియోమైసిన్ 1948లో వాడుకలోకి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నాడు. 1950ల్లో ఆస్పత్రి బ్యాక్టీరియా దానికీ అలవాటు పడింది. అప్పుడు, ఆ ఎంజైముకు విరగని పెన్సిలిన్‌గా 1959లో బ్రిటన్‌లో మెథిసిలిన్ వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే దానికి లొంగని రకం బయటపడింది. లండన్‌లోని కోలిన్‌డేల్ ప్రయోగశాలలో ప్యాట్రీషియా జెవన్స్ అయిదు వేలకు పైగా నమూనాలను జల్లెడపడితే మూడు లొంగలేదు. మూడూ ఒకే ఆస్పత్రి నుంచి వచ్చినవే. వాటిలో ఒకటి మూత్రపిండం తీసేసిన రోగి గాయంలోది. జెవన్స్ ఈ సంగతిని 1961లో ప్రచురించింది. మెథిసిలిన్‌ను చూసే బ్యాక్టీరియా ఈ విద్య నేర్చుకుందని చాలాకాలం అనుకున్నారు. పాత నమూనాల జన్యుక్రమాన్ని చదివిన పరిశోధకులు 2017లో అది సరికాదని తేల్చారు. నిరోధక జన్యువు 1940ల నడుమనే, అంటే మెథిసిలిన్ పుట్టకముందే, దాని చేతికి చిక్కింది. పెన్సిలిన్‌ను విరివిగా వాడటమే అందుకు దారి తీసి ఉంటుందని వారి అంచనా.

ఆ జన్యువు పేరు మెక్‌ఏ. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా కణకవచాన్ని అల్లే ఎంజైములకు అతుక్కుని వాటి పనిని ఆపేస్తాయి. మెక్‌ఏ వల్ల తయారయ్యే పీబీపీ2ఏ అనే ఎంజైముకు అవి సరిగా అతుక్కోవు. తక్కినవన్నీ ఆగిపోయినా ఇదొక్కటే పని సాగిస్తుంది. సెఫ్టారోలిన్ వంటి ఒకటి రెండు కొత్త సెఫలోస్పోరిన్లు మాత్రమే దీన్ని పట్టగలుగుతాయి.

గాయంలోకి బ్యాక్టీరియా చేరినంత మాత్రాన చీము పట్టదు. 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు మనుషుల చర్మం మీదే ఈ లెక్క తేల్చారు. చర్మంలోకి నేరుగా ఎక్కిస్తే చీము పట్టడానికి లక్షల సంఖ్యలో బ్యాక్టీరియా కావలసి వచ్చింది. అక్కడ ఒక పట్టు దారపు కుట్టు ఉంటే కొన్ని వందలే చాలాయి. కుట్లు, మెష్, స్టీలు ప్లేట్లు, కృత్రిమ మోకీళ్లు బ్యాక్టీరియాకు ఆసరా అవుతాయి. వాటి మీద అది జిగట పొర కట్టుకుని కూర్చుంటే మందు లోపలికి దిగడం కష్టం, రక్తకణాలు పట్టుకోవడం కష్టం. అలాంటప్పుడు చాలామందికి అమర్చినదాన్ని తీసేయక తప్పదు. ఇక్కడొక మాట చెప్పాలి. మన ఇళ్లలో ఆపరేషన్ అయినవాళ్లకు చీము పడుతుందని కందిపప్పు పెట్టరు. పప్పుకూ చీముకూ ఏ సంబంధమూ లేదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావలసిన రోజుల్లోనే ఈ పథ్యం వాటికి కోత పెడుతుంది.

ఎంఆర్‌ఎస్‌ఏను గుర్తించే పరీక్ష ఖరీదైనదేమీ కాదు. దూది పుల్లతో పైపైన అద్దినదాని కన్నా సిరంజితో లోపలి నుంచి లాగిన చీము మేలు. కల్చర్‌లో పెరిగిన బ్యాక్టీరియాను అగార్ పళ్లెం మీద పరిచి, నడుమ మెథిసిలిన్‌కు బదులుగా 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ బిళ్ల పెట్టి, 35 డిగ్రీల వేడిలో 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం వ్యాసం 22 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే మందుకు లొంగే రకం, 21 దాటకపోతే ఎంఆర్‌ఎస్‌ఏ. మెథిసిలిన్ వాడకం ఎప్పుడో ఆగిపోయింది. పేరులో మాత్రం మిగిలింది.

చికిత్సలో మొదటి పని కుట్లు విప్పి చీము తీసేయడం, చచ్చిన కండను శుభ్రం చేయడం. అది చేయకుండా ఎంత గొప్ప మందు ఎక్కించినా ఫలితం అంతంతమాత్రమే. తర్వాతే వాంకోమైసిన్, టీకోప్లానిన్, లినెజోలిడ్, డాప్టోమైసిన్ వంటివి. ఎన్నో ఏళ్లుగా ఆఖరి అస్త్రంగా దాచుకున్న వాంకోమైసిన్‌కూ 1996లో జపాన్‌లో గండి పడింది. అక్కడ గుండె ఆపరేషన్ అయిన నాలుగు నెలల పసిబిడ్డ గాయంలో ఆ మందుకు సగమే లొంగే రకం దొరికింది. బొత్తిగా లొంగనిది 2002లో అమెరికాలోని మిషిగన్‌లో కనిపించింది. అలాంటివి నేటికీ అరుదు.

దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ మామూలుగానే కాపురం ఉంటుంది. అందుకే నివారణ కోతకు ముందే మొదలవ్వాలి. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు అలాంటి రోగులను ముందే గుర్తించి, ముక్కులో మ్యుపిరోసిన్ లేపనం రాసి, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం చేయిస్తే, ఆస్పత్రిలో సోకే ఆరియస్ ఇన్ఫెక్షన్లు 7.7 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయి. ఆ అధ్యయనంలోవన్నీ మందుకు లొంగే రకాలేనన్నది గమనించాలి. రేజరుతో వెంట్రుకలు గీయవద్దనీ, యాంటీబయాటిక్‌ను కోతకు ముందు 120 నిమిషాల్లోపు ఇవ్వాలనీ, ఆపరేషన్ అయ్యాక నివారణ పేరుతో కొనసాగించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. మన దగ్గర ఎక్కువగా మీరేది ఈ చివరి మాటే. శుభ్రమైన గాయానికి అయిదు రోజుల కోర్సు రాయడం రోగికి ధైర్యంగా, డాక్టరుకు భరోసాగా అనిపిస్తుంది. దానివల్ల గాయానికి ఒరిగేది లేదు, నిరోధక రకాలకు మాత్రం చోటు దొరుకుతుంది.

భారతదేశంలో ఎంఆర్‌ఎస్‌ఏ ఒక్కదాన్నే చూస్తే సరిపోదు. ఇక్కడి ఆపరేషన్ గాయాల్లో, ముఖ్యంగా పొట్ట ఆపరేషన్ల తర్వాత, ఈ.కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ కూడా తరచూ కనిపిస్తాయి. కార్బాపెనెమ్ మందులను సైతం విరగ్గొట్టే ఎన్‌డీఎం ఎంజైము వీటిలో కొన్నింటికి అబ్బింది. వీటి మీద వాంకోమైసిన్ పనిచేయదు. కాబట్టి కల్చర్ చేయించకుండా ఊహ మీద మందు రాయడం ఇక్కడ మరింత ప్రమాదం.

ఇక ఆస్పత్రులు చెప్పే ఇన్ఫెక్షన్ శాతాలను కాస్త జాగ్రత్తగా చదవాలి. మూడో రోజునో నాలుగో రోజునో రోగిని ఇంటికి పంపేస్తారు. ఎక్కువ గాయాలకు చీము ఆ తర్వాతే పడుతుంది. రోగి దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుంటాడు. 30 రోజుల దాకా ఫోన్ చేసి కనుక్కునే ఏర్పాటు లేని ఆస్పత్రి రికార్డులో ఆ గాయం మానినట్టే ఉంటుంది.