పేరు పెట్టుకోని సంఘం

చదువు ముగించిన పూర్వ విద్యార్థులు ఒక్కటిగా నిలబడి, తమ వెనుక వచ్చేవారిని సమాజం కోసం పనిచేసే నాయకులుగా తయారుచేయడం మన దగ్గర ఎప్పుడు మొదలైంది? ఈ ప్రశ్నకు రెండు జవాబులు చెలామణిలో ఉన్నాయి. ఫెలోషిప్పుల లోకంలో తిరిగేవారు 1980లో అమెరికాలో పుట్టిన అశోకా సంస్థతోనో, మన దేశంలో 2009లో మొదలైన టీచ్ ఫర్ ఇండియాతోనో లెక్క మొదలుపెడతారు. తెలంగాణ గురుకులాల గురించి రాసేవారు 2012ను, అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్‌ను, పూర్వ విద్యార్థుల సంఘమైన స్వేరోస్‌ను చెబుతారు. మొదటివారి లెక్కలో ఈ ఆలోచన బయటినుంచి వచ్చింది, రెండోవారి లెక్కలో ఒక అధికారి చేతి చలవ.

రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే రెండూ ఒకే కాలాన్ని దాటవేస్తున్నాయి. 1970కీ 1995కీ మధ్య సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో గడిచిన పాతికేళ్ళు వాటిలో కనబడవు. ఆ పాతికేళ్ళను పక్కన పెడితే స్వేరోస్ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. వాటిని కలిపి చూస్తే, అప్పటికే నలభై ఏళ్ళుగా జరుగుతున్న పనికి 2012లో ఒక పేరు దొరికిందని తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ సంగతి చెప్పడానికే.

తొలి దశలు అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వారాలు చేసుకుని చదువుకునే పద్ధతి ఉన్న రోజుల్లో ఏ ఇంట అన్నం పెడతారన్నది కులాన్ని బట్టి తేలేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని స్థానంలో కుల హాస్టళ్ళు వచ్చాయి. 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన సంవత్సరమే, తర్వాత హైదరాబాదు కొత్వాలైన రాజబహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ మొదలైంది. దానికి కార్యదర్శిగా పనిచేసిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. ఆ హాస్టల్‌లో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి తర్వాత హరిజన సేవా సంఘంలో పనిచేసి దళిత పిల్లల చదువుకోసం పాటుపడ్డారు. తమ కులం పిల్లలకోసం కట్టిన హాస్టల్ కులం దాటిన నాయకులను కూడా ఇచ్చిందన్నది గుర్తుంచుకోవలసిన విషయం. అంతకు ముందే దళిత సంస్కర్త భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, 1910లో ఇసామియా బజారులో బడి తెరిచి, 1917లో బెజవాడ ఆది ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఈ దశలో దాతలున్నారు, సంస్కర్తలున్నారు. చదువుకుని వెళ్ళినవాడు వెనక్కి వచ్చి తర్వాతివాడి చెయ్యి పట్టుకునే గొలుసు మాత్రం ఇంకా ఏర్పడలేదు.

ఆ గొలుసుకు మొదటి లంకె నా దృష్టిలో 1944 నాటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో అంబేద్కర్ సభ్యుడిగా ఉన్న రోజుల్లో అది అమల్లోకి వచ్చింది. పదో తరగతి దాటిన దళిత విద్యార్థి అంతకుముందు ఒక దాత దయ మీద ఆధారపడేవాడు. ఇక నుంచి అతనికి ప్రభుత్వం నుంచి హక్కుగా రావలసిన డబ్బు ఒకటుంది. రావలసిన డబ్బు ఉన్నచోట అది రాకపోతే అడగడమూ ఉంటుంది. అడగడానికి నలుగురు కలవాలి.

రెండో లంకె హాస్టల్. 1970లలో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఎస్.ఆర్. శంకరన్ ఉన్నప్పుడు మెట్రిక్ లోపు పిల్లల హాస్టళ్ళు పల్లెలకు చేరువయ్యాయి. అదే కాలంలో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం, మరుసటి ఏడాది తాడికొండలో, కొడిగెనహళ్ళిలో మరో రెండు వచ్చాయి. చరిత్ర రాసేవారు ఈ మూడింటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్. అధికారుల జాబితా చూపించడానికి అవి అనుకూలం. వాటిని నేను తక్కువ చేయను. అయితే పరీక్ష రాయించి ఏరుకున్న కొద్దిమందికి అవి దక్కాయి. మిగతా వేలమంది రేకుపెట్టె, పళ్ళెం, గ్లాసు, దుప్పటి పట్టుకుని తాలూకా కేంద్రంలోని ఎస్సీ హాస్టల్‌కో, బీసీ హాస్టల్‌కో, ఎస్టీ హాస్టల్‌కో వెళ్ళారు. ఒక వార్డెను, వంటమనిషి, కమాటి, వాచ్‌మన్, అద్దె ఇంట్లో రెండు మూడు గదులు. నా వాదన ఆ గదుల గురించే.

ఆ గదుల్లో చదువుకన్నా ముందు నేర్చుకున్నది దరఖాస్తు రాయడం. కుల ధ్రువపత్రం ఎవరి దగ్గర, ఆదాయ ధ్రువపత్రం ఎవరి దగ్గర, ఇంటర్ సీటుకు ఏ తేదీలోపు, స్కాలర్‌షిప్ ఫారంలో ఏ గడి ఎలా నింపాలి అన్నవి తండ్రికి తెలియవు, వార్డెను చెప్పడు. చెప్పేవాడు సీనియర్. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి అతను అన్న. ఫారం నింపిపెట్టిన అన్న ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, మరుసటి ఏడాది ఆ ఫారం నింపేది నిన్నటి కుర్రాడు. విశ్వవిద్యాలయంలో ఈ మర్యాద ఇంకా గట్టిది. ఉస్మానియా హాస్టళ్ళలో ‘నాన్ బోర్డర్’ అన్న మాటకు ఒక చరిత్రే ఉంది. సీటు రానివాడు, చదువు ముగిసినా ఉద్యోగం రానివాడు, పోటీ పరీక్షకు చదివేవాడు ఊరి అన్న గదిలో చాప వేసుకుని ఉండేవాడు. ఒకరి పేరున్న మెస్ కార్డు మీద ఇద్దరు తిన్న రోజులు ఎన్నో. ఈ మర్యాదను ఏ నియమావళిలోనూ రాసుకోలేదు. ఏ సంఘమూ దాన్ని రిజిస్టరు చేయలేదు. అందుకే చరిత్రకారులకు కనబడలేదు.

రిజిస్టరు లేని సంఘం ఉండేదని ఎలా నమ్మాలి అని అడగడం న్యాయమే. దాని ఆనవాళ్ళు మూడు చోట్ల దొరుకుతాయి.

ఒకటి, మెస్ ఛార్జీల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం జరిగిన ధర్నాలు. ధరలు పెరిగేవి, మెస్ ఛార్జీలు ఏళ్ళ తరబడి అక్కడే ఉండేవి. ఆ అంతరం పిల్లల పళ్ళెంలో నీళ్ళ చారుగా కనిపించేది. కలెక్టరేట్ ముందు కూర్చున్న చాలామందికి అదే మొదటి రాజకీయ పాఠం. హాస్టల్‌లో చిన్న తరగతి పిల్లల తిండికోసం పెద్ద తరగతివాళ్ళు కూర్చునేవారు. నాయకత్వం అంటే తనకోసం కానిది అడగడం అన్న అర్థం అక్కడ ఒంటబట్టింది.

రెండు, ఊరూరా వెలసిన అంబేద్కర్ యువజన సంఘాలు. బొజ్జా తారకం నిజామాబాదులో న్యాయవాదిగా ఉన్న రోజుల్లోనే ఆ పేరుతో సంఘం నడిపారు. తర్వాతి ఏళ్ళలో సెలవులకు ఊరికి వెళ్ళిన హాస్టల్ కుర్రాళ్ళు పేటలో ఒక గది, ఒక పటం, ఒక దినపత్రికతో అలాంటి సంఘాలే పెట్టుకున్నారు. ఏప్రిల్ 14న సభ, తర్వాత విగ్రహం. ఊరి పెద్దలకు మింగుడు పడనిది కూడా ఇదే. 1991లో చుండూరు మారణకాండకు ముందు గొడవ ఎక్కడ రాజుకుందో చూడండి. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు సినిమా హాలులో ముందు సీటులోని పెత్తందారీ కులస్థుడికి తగిలిందట. చదువుకుని తల వంచకపోవడమే అక్కడ నేరమైంది.

మూడు, 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద జరిగిన మారణకాండ తర్వాతి రోజులు. బాధితులు ఊరు వదిలి చీరాల చేరారు. నెలన్నర తిరిగేసరికి దళిత మహాసభ పుట్టింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని తారకం వదులుకున్నారు. సంస్కృత అధ్యాపకుడు కత్తి పద్మారావు ముందు నిలిచారు. అంత తక్కువ వ్యవధిలో జిల్లా జిల్లాకూ కబురు వెళ్ళి, కరపత్రాలు అచ్చయి, సభలు జరగడం శూన్యంలో సాధ్యం కాదు. పదిహేనేళ్ళుగా హాస్టల్ గదుల్లో పెరిగిన పరిచయాలు అప్పుడు అక్కరకు వచ్చాయని నా నమ్మకం.

ఇక్కడ నా వాదనకు నేనే కొన్ని హద్దులు గీయాలి. నాయకులందరూ హాస్టల్ బిడ్డలు కారు. తారకం శాసనసభ్యుడి కొడుకు. కోస్తాలో సంక్షేమ హాస్టళ్ళకు ఎన్నో ఏళ్ళ ముందే ఒంగోలు బాప్టిస్టు మిషన్, గుంటూరు లూథరన్ మిషన్ బడులు దళితులకు అక్షరం నేర్పాయి. విప్లవ విద్యార్థి సంఘాలు అదే హాస్టళ్ళ నుంచి అదే యువకులను మరో దారికి పిలిచాయి, చాలామంది వెళ్ళారు. హాస్టల్ ఒక్కటే కారణమని అనను. ఇన్ని దారులు కలుసుకున్న చోటు హాస్టల్ అంటాను.

అంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. చదువుకున్నవారు వెనక్కి రాలేదన్నది. 1956 మార్చిలో ఆగ్రా సభలో అంబేద్కరే ఈ బాధ వెళ్ళబోసుకున్నారు. 1978లో కాన్షీరాం బామ్‌సెఫ్ పెట్టి ఉద్యోగులకు గుర్తుచేసిన ‘పే బ్యాక్ టు సొసైటీ’ ఆ బాధ నుంచి పుట్టిందే. మన దగ్గర కూడా ఉద్యోగం రాగానే పేట దారి మరిచినవారు తక్కువేం కాదు. గొలుసు అందరినీ సమానంగా పట్టుకోలేదు కూడా. ఎస్సీ వర్గీకరణ కోరుతూ 1994 జులై 7న ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అడిగిన ప్రశ్న ఈ చరిత్రను కూడా తాకుతుంది. ఫారం నింపిపెట్టే అన్న ఏ పేటలో ముందుగా ఉన్నాడో ఆ పేట తమ్ముళ్ళే ముందుకు వెళ్ళారు. అన్న లేని పేట వెనకబడింది. ఆ ప్రశ్నలోని న్యాయానికి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో గాని దారి పడలేదు. ఇక ఆడపిల్లలు. సీనియర్ అంటే అన్న అన్న అర్థం స్థిరపడిన లోకంలో అక్కలకు చోటు చాలా తక్కువ. ఈ గొలుసును పొగిడేవారెవరూ ఈ లోటును దాచకూడదు.

ఇప్పుడు 2012కు వద్దాం. సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా వచ్చిన ప్రవీణ్ కుమార్, పూర్వ విద్యార్థులతో కలిసి స్వేరోస్‌కు రూపమిచ్చారు. సోషల్ వెల్ఫేర్ అన్న రెండు మాటల తొలి అక్షరాలకు ఆకాశమన్న అర్థం కలిపి చేసిన పేరది. ఆ పేరే పెద్ద పని చేసిందని ఒప్పుకోవాలి. ‘ఎస్సీ హాస్టల్‌వాడు’ అన్న మాటతో తల దించుకున్న పిల్లలు కొత్త పేరుతో తల ఎత్తారు. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ పేరు దేశమంతా వినబడింది. తెలంగాణ వచ్చాక గురుకులాలు 134 నుంచి 268కి పెరిగాయి. వాటిలో ఆడపిల్లల డిగ్రీ కళాశాలలు ఉండటం నాకు అన్నిటికన్నా విలువైన మార్పు. అక్కలకు చోటు లేని గొలుసులో తొలిసారి అక్కలు వస్తున్నారు.

అయినా నాకు సందేహాలున్నాయి. పాత గొలుసుకు పేరు లేదు, నాయకుడూ లేడు, కాబట్టి దాన్ని ఎవరూ ఒక పార్టీకి తీసుకుపోలేకపోయారు. కొత్త సంఘానికి పేరుంది, ఒక వ్యక్తి ముఖముంది. ఆయన 2021లో స్వచ్ఛంద పదవీ విరమణ చేసి బీఎస్పీలో, 2024లో బీఆర్ఎస్‌లో చేరారు. అది ఆయన హక్కు. ఆ సంఘంలో ఉన్న వేలమంది యువకులకు మాత్రం తమ సేవ ఎవరి ఖాతాలో పడుతుందో అన్న ప్రశ్న ఎదురైంది. ఒకే వ్యక్తిని చూసి నిలబడిన సంఘం ఆయన దారి మారినప్పుడల్లా తనను తాను మళ్ళీ వెతుక్కోవాలి. శిఖరాల మీద చూపు పెట్టడంలో మరో ప్రమాదం ఉంది. ఎవరెస్టు, ఐఐటీ, విదేశీ విశ్వవిద్యాలయం అందుకున్నవారి ఫొటో గోడ మీదికి వస్తుంది. పదో తరగతి తప్పినవాడికి మళ్ళీ ఫీజు కట్టించిన అన్న ఫొటో ఎక్కడా రాదు.

కార్పొరేట్ ఫెలోషిప్పుల పూర్వ విద్యార్థి సంఘాలను చూస్తే సందేహం ఇంకా పెరుగుతుంది. వాటిలో నిజాయితీగా పనిచేస్తున్న యువతీయువకులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అక్కడ మాత్రం ఇంటర్వ్యూలో నెగ్గినవారికి పని మొదలుపెట్టక ముందే నాయకులన్న పేరు ఇస్తారు. ఆ ఇంటర్వ్యూకు మంచి ఇంగ్లిషు కావాలి, అంతకన్నా ముందు మంచి జీతం వదులుకోగల ఇల్లుండాలి. హాస్టల్ గదిలో ఆ వరుస తలకిందులు. ముందు పని, చాలా ఏళ్ళ తర్వాత, అదీ ఎప్పుడైనా, పేరు.

గురుకులాల్లో కలుషిత ఆహారం తిని పిల్లలు ఆసుపత్రి పాలయ్యారన్న వార్తలు ఈ మధ్య తరచుగా చదువుతున్నాం. అలాంటి వార్త వచ్చిన రోజు ఏ పూర్వ విద్యార్థి సంఘానికైనా నేను పెట్టే పరీక్ష ఒక్కటే. తాము తిని పెరిగిన ఆ మెస్‌కు ఎంతమంది సీనియర్లు వెళ్ళి, వంటగదిలోకి తొంగిచూసి, వార్డెనును నిలదీశారు? 1970లలో కలెక్టరేట్ ముందు కూర్చున్న కుర్రాళ్ళకు సంఘం పేరు లేదు, లోగో లేదు. తమ్ముడి పళ్ళెంలో ఏముందో మాత్రం వాళ్ళకు తెలుసు.