ఇనుప స్తంభము చెప్పు నేల చరిత్ర

ఇంగ్లండు తూర్పుభాగమున ఫెన్ అను విశాలమైన పల్లపు ప్రాంతము కలదు. పూర్వమది రెల్లుతోను, నాచుతోను, నీటిమడుగులతోను నిండియుండెడిది. అందలి విటిల్సీ మియర్ అను సరస్సును 1851లో ఎండగట్టిరి. ఆ సంవత్సరమే లండను మహాప్రదర్శనములో పేరుపొందిన ఆపోల్డ్ పంపును ఆవిరియంత్రముతో నడపి, నీటిని తోడివేసిరి. సేద్యమునకు క్రొత్త భూమి దొరకినది.

నీరు తీసిన నేల క్రుంగునని అక్కడివారికి అనుభవమే. ఎంత క్రుంగునో కొలువవలెనని విలియం వెల్స్ అను భూస్వామి, సమీపముననున్న హోమ్ ఫెన్‌లో ఒక ఇనుప స్తంభమును అడుగునున్న గట్టి బంకమట్టి వరకు దింపించెను. దాని తల నాటి నేలమట్టమునకు సమముగ నుండెను. 1860 నాటికి దాదాపు 1.4 మీటర్ల స్తంభము బయటపడినది. నేడు సుమారు 4 మీటర్లు కనబడుచున్నది. స్తంభము పెరుగలేదు, నేలయే దిగిపోయినది.

ఆ నేల ఏమైనది? మొదట నీరు పోవుటచే అది స్పంజివలె అణగి దగ్గరపడినది. కాని తరువాతి క్రుంగుబాటులో అధికభాగము మరియొక కారణముచే జరిగినది. ఫెన్ నేల వట్టి మన్ను కాదు. వేల సంవత్సరములుగా చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లక పేరుకొనగా ఏర్పడిన పీటు అను పదార్థము. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలియున్నంతవరకు ముక్కకు బూజు పట్టదు. నూనె తగ్గిన చోట పట్టును. అట్లే నీరు నిండిన నేలలోనికి ప్రాణవాయువు చొరజాలదు గనుక, సూక్ష్మజీవులు మొక్కల అవశేషములను మిక్కిలి మెల్లగా మాత్రమే జీర్ణించుకొనగలవు. నీరు తీసినంతనే గాలి ప్రవేశించును. పీటులోని కర్బనము కార్బన్ డై ఆక్సైడుగా మారి ఆకాశమున కలియును.

తడి తగ్గినకొలది కుళ్లుట హెచ్చునని మాత్రము అనుకొనరాదు. మామూలు అడవినేల బాగుగా ఎండినప్పుడు సూక్ష్మజీవులును మందగించును. మితమైన తడి, గాలి రెండును ఉన్నచోటనే వాని పని చురుకుగా సాగును. మరియు నీటిలో మునిగిన నేలలనుండి మీథేను వాయువు కొంత వెలువడుచుండును. అయినను దీర్ఘకాలమున కర్బనమును దాచుటలో పీటు నేలలకు సాటి లేదు. భూతలమున సుమారు 3 శాతము మాత్రమే ఆక్రమించినను, లోకమందలి అడవుల వృక్షసంపద అంతటిలో నున్న కర్బనముకంటె అధికమైన కర్బనము వీనిలో నిలువయున్నది.

ఈ పాఠమును మరచినందుకు ఇండొనేషియా పెద్ద మూల్యము చెల్లించినది. 1996లో బోర్నియో ద్వీపమున వరిసాగు కొరకు పీటు అడవులలో కాలువలు త్రవ్విరి. 1997లో వానలు తప్పగా, నీరోడిన నేలలు నిప్పంటుకొని నెలల తరబడి కాలినవి. ఆ ఏడు ఇండొనేషియాలో పీటు నేలలు, వానిపై అడవులు కాలుటచే 81 కోట్ల నుండి 257 కోట్ల టన్నుల కర్బనము గాలిలో కలిసినదని 2002లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది.

హోమ్ ఫెన్ స్తంభము చుట్టును నేడు తెల్లని భూర్జవృక్షముల వనము పెరిగియున్నది. చెట్లు పెరిగినంత మాత్రమున క్రిందినుండి పోయిన నిధి తిరిగి రాలేదు. 2001లో ప్రారంభమైన గ్రేట్ ఫెన్ పథకము క్రింద పరిసర భూములకు మరల తడి కల్పించుచున్నారు. పోయిన పీటు మరల ఏర్పడుటకు వేల ఏండ్లు పట్టును. మిగిలినదానిని కాపాడుటకు నీరు నిలిపిన చాలును.